పగలు గీసిన పటం, రాత్రి తిరిగే పురుగు

చెరువు నీళ్ల మీద గుంపుగా చేరి గిరగిరా తిరిగే నల్లటి పురుగుల్ని చూడని పల్లెటూరి మనిషి ఉండడు. గట్టున అలికిడైతే చాలు, ఒక్కసారిగా వేగం పెంచి చెల్లాచెదురవుతాయి. మరీ బెదిరితే మునిగిపోతాయి. జైరినిడే అనే ఈ కుటుంబంలో సుమారు 900 జాతులున్నాయి. అంటార్కిటికా తప్ప అన్ని ఖండాల్లోనూ కనిపిస్తాయి. ఈ వ్యాసం వరకు వీటిని గిరికీల పురుగులు అందాం. ఇన్ని జాతుల్లో ఒక్కదాన్ని తీసుకుని, అది ఎక్కడ ఉంటుంది, ఎక్కడ ఉండదు అన్న సంగతి మనకెలా తెలిసిందో, ఎంతవరకు తెలిసిందో చూడాలని నా ఉద్దేశం. ఎంచుకున్న జాతి మనది కాదు, యూరప్‌ది. పేరు ఒరెక్టోకైలస్ విల్లోసస్. దాన్నే ఎంచుకోవడానికి రెండు కారణాలు. ఒకటి, అది రాత్రి తిరిగే పురుగు కనుక దాని విస్తృతి పటంలో మనుషుల అలవాట్లు బాగా బయటపడతాయి. రెండు, దాని చుట్టాలు చాలామంది ఆసియాలోనే, మన కొండవాగుల్లోనే ఉన్నారు.

డెన్మార్క్ ప్రకృతి శాస్త్రవేత్త ఓ. ఎఫ్. ముల్లర్ దీన్ని 1776లో వర్ణించాడు. పొడవు 6 మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. చెరువుల్లో కనిపించే జైరినస్ జాతుల వీపు నున్నగా నిగనిగలాడితే, దీని వీపంతా బూడిదరంగు నూగు. ఒళ్లు సన్నగా, కోలగా ఉంటుంది, కడుపువైపు పసుపు కలిసిన ఎర్రటి ఛాయ. అందుకే ఇంగ్లండువాళ్లు దీన్ని నూగు పురుగుగానే గుర్తుపెట్టుకున్నారు. యూరప్‌లో ఈ ప్రజాతికి చెందిన జాతి ఇదొక్కటే. బ్రిటన్ జాబితాలో ఉన్న సుమారు డజను గిరికీల పురుగుల్లో కూడా ఇది తప్ప మిగిలినవన్నీ జైరినస్‌లే.

నివాసం అనే మాట దగ్గరే మొదటి చిక్కు వస్తుంది. పుస్తకాలు "ప్రవహించే నీరు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తాయి. కానీ ఈ పురుగుకు ఉన్నది ఒక నివాసం కాదు, మూడు. పెద్ద పురుగు బతికేది నీటి పైపొర మీద. అక్కడ గాలికీ నీటికీ మధ్య ఉన్న పలచని పొరే దానికి నేల. పై సగం, కింది సగం వేరువేరుగా చీలిన కళ్లతో ఒకేసారి గాలినీ నీటినీ చూస్తుంది. కుటుంబం మొత్తానికీ ఇదే ఏర్పాటు. పొట్టి మీసాల మొదట్లో ఉండే అవయవం నీటిపొర మీద పుట్టే చిన్న అలల్ని పసిగడుతుంది. పైనుంచి పడి కొట్టుకుంటున్న దోమో ఈగో ఎక్కడుందో దానికి తెలిసేది ఆ అలల వల్లే. పిల్లపురుగు బతుకు పూర్తిగా వేరు. పొట్టకు రెండు పక్కలా ఈకల్లాంటి మొప్పలు, తోక చివర నాలుగు కొక్కేలు ఉన్న ఈ పిల్ల అడుగున రాళ్ల మధ్య పాకుతూ చిన్న జీవుల్ని వేటాడుతుంది. ఎదిగాక నీళ్లు వదిలి ఒడ్డెక్కి, అక్కడే గూడు కట్టుకుని ప్యూపా అవుతుంది. పైపొర, అడుగు, ఒడ్డు: ఈ మూడింటిలో ఏ ఒక్కటి చెడినా ఆ వాగులో ఈ పురుగు నిలవదు. అయినా నివాస వర్ణనలు చాలావరకు పెద్ద పురుగు కనబడిన చోటును బట్టే రాసినవి.

ఆ పెద్ద పురుగు కనబడటం కూడా అంత తేలిక కాదు. జైరినస్‌లు పగలంతా నడినీటిలో బాహాటంగా తిరుగుతాయి. నూగు పురుగు పగలు ఒడ్డు కింద దాక్కుంటుంది. ప్రవాహం కోసేసి గుల్ల చేసిన గట్టు కింద, నీళ్లలోకి దిగిన చెట్టువేళ్ల మధ్య, తడి దుంగల కింద, వంతెన నీడలో గుంపుగా ఒకదానికొకటి ఆనుకుని ఉంటుంది. చీకటి పడ్డాక బయటికొచ్చి ప్రవాహానికి ఎదురీదుతూ మేత వెతుక్కుంటుంది. పగలు వల పట్టుకుని వాగు వెంట నడిచే సేకరణకర్త పక్కనుంచే వెళ్లిపోయినా ఒక్కటీ కంటపడకపోవచ్చు. అదే వాగు దగ్గర రాత్రి టార్చి వేసి చూసినవాడికి పదుల కొద్దీ దొరకొచ్చు. కాబట్టి ఒక జిల్లాలో ఇది అరుదు అని రాసి ఉంటే, ఆ రాసినాయన ఏ వేళప్పుడు వాగు దగ్గరికి వెళ్లాడన్నది మొదట అడగాలి. పటంలో ఖాళీ ఉన్నచోట పురుగు లేదని కాదు, మనిషి నిద్రపోతున్నాడని అర్థం కావచ్చు.

పగలు తిరిగే జాతుల్లోనూ ఈ రాత్రీపగళ్ల తేడా ఉందన్న సంగతి మరిచిపోకూడదు. అమెరికాలోని మిన్నెసోటాలో ఇటాస్కా సరస్సు మీద హైన్‌రిచ్, వోట్ చేసిన అధ్యయనం 1980లో వెలువడింది. పగలు వందలు, వేలుగా ఒకేచోట తెప్పకట్టినట్టు గుమిగూడిన పురుగులు సాయంత్రం విడిపోయి మేతకు సరస్సంతా పరుచుకుంటాయి, తెల్లవారేసరికి మళ్లీ గుంపు కడతాయి. పగటి గుంపు మేత కోసం కాదు, రక్షణ కోసం. ఈ పురుగులు జైరినిడాల్ అనే రసాయనాన్ని వదులుతాయి. చేపలకు అది రుచించదు. మెయిన్‌వాల్డ్, ఓఫైమ్, ఐస్నర్‌లు 1972లో దాని నిర్మాణం తేల్చారు. ఒకే చోట అన్నీ ఉంటే, ఒక్కసారి చేదు రుచి చూసిన చేప మిగిలినవాటి జోలికి పోదు. అంటే పగలు మనం లెక్కపెట్టిన చోటు ఆ పురుగు దాక్కునే చోటు మాత్రమే. అది తిని బతికే చోటు వేరు, ఎన్నో రెట్లు పెద్దది. నివాసం గురించి రాసేవాళ్లలో ఈ రెండిటినీ విడదీసి చూసినవాళ్లు తక్కువ.

ఇక "స్వచ్ఛమైన, వేగంగా పారే సెలయేరు" అనే వాక్యం సంగతి. ఒక పుస్తకం నుంచి ఇంకో పుస్తకానికి నడిచొచ్చిన ఈ వాక్యాన్ని నేను నమ్మను. వేగంగా పారే రాతివాగుల్లో నూగు పురుగు ఉన్నమాట నిజమే. కానీ ఇంగ్లండులో మైదానాల్లో మెల్లగా పారే నదుల్లోనూ ఉంది. పెద్ద సరస్సుల్లో అలలు కొట్టే రాతి ఒడ్డున కూడా ఉంది. అక్కడ ప్రవాహమే లేదు. ఈ మూడు చోట్లకూ ఉమ్మడిగా ఉన్నదేమిటని చూస్తే వేగం కనిపించదు. కదిలే నీళ్లలో ఆక్సిజన్ అందుతుంది, అది అడుగున ఉన్న పిల్లకు కావాలి. ఆ కదలికే ఒడ్డును కోసి గుహల్లాంటి నీడలు చేస్తుంది, అవి పెద్ద పురుగుకు పగటి ఆశ్రయం. సరస్సు ఒడ్డున అలలు చేసే పనీ ఇదే. వేగం, స్వచ్ఛత అన్న రెండు మాటల కంటే గుల్లబారిన గట్టు, గాలి కలిసిన నీరు అంటే ఈ పురుగు బతుకుకు దగ్గరగా ఉంటుంది.

దీన్ని పటాల మీదికి ఎక్కించిన చరిత్ర బ్రిటన్‌లో బాగా నమోదైంది. హెచ్. సి. వాట్సన్ 19వ శతాబ్దం మధ్యలో మొక్కల కోసం బ్రిటన్‌ను 112 వైస్‌కౌంటీలుగా విడగొట్టాడు. కీటకాల వాళ్లూ ఆ పద్ధతినే అందిపుచ్చుకున్నారు. ఫ్రాంక్ బాల్ఫోర్ బ్రౌన్ నీటి పెంకుపురుగుల మీద జీవితమంతా పనిచేసి 1940 నుంచి 1958 దాకా మూడు సంపుటాలు వెలువరించాడు. ఆయన పేరు మీద ఏర్పడ్డ క్లబ్బు ఇప్పటికీ నడుస్తోంది. గార్త్ ఫాస్టర్, డేవిడ్ బిల్టన్, బ్రయన్ నెల్సన్ కలిసి తెచ్చిన 2016 అట్లాసులో కొలమానం పది కిలోమీటర్ల చతురస్రం. కౌంటీ నుంచి చతురస్రానికి రావడం పెద్ద అడుగే. అయినా ఒక చుక్క కింద 100 చదరపు కిలోమీటర్ల నేల ఉంది. నూగు పురుగు వాడుకునేది అందులో రెండు మూడు మీటర్ల వెడల్పున్న వాగులో, అదీ ఒక ఒడ్డున, ఒక మలుపు దగ్గర కావచ్చు. చుక్క చూసి ఆ చతురస్రమంతా పురుగు ఉందనుకోవడం పొరపాటు, చుక్క లేదని ఆ మలుపు కూడా లేదనుకోవడం అంతకంటే పెద్ద పొరపాటు.

విచిత్రమేమిటంటే, ఈ పురుగు గురించి ఎక్కువ సమాచారం పెంకుపురుగుల వాళ్ల నుంచి రాలేదు. నదుల కాలుష్యం కొలిచేవాళ్లు కాలితో అడుగును కదిపి, కొట్టుకొచ్చినవాటిని వలలో పట్టి, ఏ జీవులు ఉన్నాయో చూస్తారు. ఆ వలలో పెద్ద పురుగు పడేది తక్కువ, పిల్ల పడేది ఎక్కువ. పిల్లకు రాత్రీపగలూ అన్న పేచీ లేదు, రాళ్ల మధ్య ఎప్పుడూ ఉంటుంది. అలా పగటి ఉద్యోగులు తెలియకుండానే రాత్రి పురుగును లెక్కించారు. కానీ ఇక్కడ ఇంకో తలనొప్పి ఉంది. బ్రిటన్‌లో చాలాకాలం వాడిన బీఎండబ్ల్యూపీ పద్ధతిలో జీవుల్ని కుటుంబం వరకే గుర్తించి, దాన్ని బట్టి నదికి మార్కులు వేసేవారు. జైరినిడేకు అంతటికీ 5 మార్కులు వేసేసేవారు, అది నూగు పురుగు పిల్లా, చెరువు పురుగు పిల్లా అన్నది ఫారంలో ఎక్కడా ఉండేది కాదు. నదికి మార్కులు వచ్చాయి, పటానికి చుక్క రాలేదు. పనికొచ్చే సమాచారం చేతికి అందిన తర్వాత కూడా కాగితం మీద నుంచి జారిపోవడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. జాతి వరకు గుర్తించే పద్ధతులు వచ్చిన చోట మాత్రం ఈ పురుగు ఉనికి స్పష్టపడింది.

పటం మీద చుక్క పడ్డాక కూడా దాని పక్కన రాసిన పేరు సరైనదేనా అన్న ప్రశ్న ఉంటుంది. నూగు పురుగు ఈ విషయంలో అదృష్టవంతురాలు, యూరప్‌లో ఆ పోలికతో ఇంకొకటి లేదు. దాని దాయాది జైరినస్ నాటేటర్ సంగతి వేరు. 1758లో లిన్నేయస్ పేరు పెట్టిన పురుగు అది. చెరువు మీద తిరిగే నల్లటి పురుగు కనబడితే చాలు, బ్రిటన్‌లో తరాల తరబడి ఆ పేరే రాశారు. తీరా మ్యూజియం పెట్టెలు తెరిచి, మగపురుగు జననాంగాలు సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే, అందులో చాలావరకు 1828లో స్టీఫెన్స్ వర్ణించిన జైరినస్ సబ్‌స్ట్రయేటస్ అని తేలింది. అక్కడ మామూలుగా అన్ని చెరువుల్లోనూ ఉండేది సబ్‌స్ట్రయేటస్, నాటేటర్ నిజంగా అరుదు. అంతే కాదు, "నాటేటర్ మడుగుల్లో, కాలవల్లో విరివిగా ఉంటుంది" అన్న పాత నివాస వర్ణనలు కూడా ఆ పొరపాటుతో పాటు తప్పు ఇంట్లోకి చేరాయి. పాఠ్యపుస్తకాల్లో నాటేటర్ పేరుతో కనిపించే కబుర్లను కొంచెం అనుమానంగా చదవడమే మంచిది.

మళ్లీ నూగు పురుగు దగ్గరికి వద్దాం. దాని పరిధి చాలా పెద్దది. ఐర్లండ్, స్కాండినేవియాల నుంచి మధ్యధరా తీరం వరకు, ఉత్తర ఆఫ్రికా, టర్కీ, కాకసస్ మీదుగా ఆసియా లోపలి వరకు వ్యాపించి ఉంది. కానీ దాని వంశవృక్షాన్ని చూస్తే యూరప్ దాని సొంత ఊరు కాదనిపిస్తుంది. ఇది చేరిన ఒరెక్టోకైలిని తెగకు దక్షిణ, ఆగ్నేయ ఆసియాల్లో నూరుకు పైగా జాతులున్నాయి. ఆఫ్రికాలో, మడగాస్కర్‌లో ఒరెక్టోజైరస్, అమెరికా ఖండాల్లో జైరెటెస్ అదే తెగకు చెందినవి. అన్నీ చాలావరకు పారే నీళ్లనే పట్టుకున్నాయి. ఆసియా జాతులన్నిటినీ చాలాకాలం ఒరెక్టోకైలస్ అనే ఒకే గొడుగు కింద ఉంచారు. 2012లో కెల్లీ మిల్లర్, యోహానెస్ బెర్గ్‌స్టెన్‌లు డీఎన్ఏ, శరీర నిర్మాణం కలిపి చూసి గొడుగు చీల్చారు. పాత్రస్ ప్రత్యేక ప్రజాతి అయింది, ఆసియా జాతుల్లో ఎక్కువ భాగం అందులోకి వెళ్లాయి. ఒక్క పురుగూ కదలకుండా ఒక ప్రజాతి విస్తృతి పటం రాత్రికి రాత్రి మారిపోయింది. 2012కు ముందు రాసిన ఏ భారతీయ జాబితా చదివినా ఈ మార్పు మనసులో పెట్టుకోవాలి.

పరిధి పెద్దదా చిన్నదా అన్నది దేనివల్ల నిర్ణయమవుతుంది? దీనికి ఈ కుటుంబంలో రెండు వింత సాక్ష్యాలున్నాయి. 1979లో ఫోకర్ట్స్ అమెరికాలోని అలబామా నుంచి స్పాంగ్లెరోజైరస్ ఆల్బివెంట్రిస్‌ను వర్ణించాడు. సుమారు 3 మిల్లీమీటర్ల పురుగు, కుటుంబం అంతటిలో అతి పురాతన శాఖ. ఉన్నది దక్షిణ అలబామాలో, పక్కనే ఉన్న ఫ్లోరిడా పశ్చిమ భాగంలో, అదీ చిన్న వాగుల ఒడ్డు కింద వేళ్లున్న చోట. రెండోది మడగాస్కర్ ఆగ్నేయాన అడవి సెలయేళ్లకే పరిమితమైన హెటెరోజైరస్ మిల్లోటి. గ్రే గస్టాఫ్సన్, ఆయన సహచరుల 2017 లెక్క ప్రకారం దాని వంశం 20 కోట్ల సంవత్సరాలకు ముందే మిగిలినవాటి నుంచి విడిపోయింది. ఒకప్పుడు దీని చుట్టాలు ఇతర చోట్ల కూడా ఉండేవని శిలాజాలు చెబుతాయి. రెండూ పాతవే, రెండూ చిన్న వాగులకే అంటిపెట్టుకున్నాయి. పాతకాలపు గిరికీల పురుగుల బతుకు ఒడ్డునీడల్లోనే మొదలైందనీ, నడి చెరువులో బాహాటంగా తిరగడం తర్వాత వచ్చిన అలవాటనీ అనిపిస్తుంది. ఇది నా ఊహ, రెండు సాక్ష్యాల మీద ఇంతకంటే బరువు మోపలేం.

కదలిక గురించి క్లుప్తంగా చెబితే సరిపోతుంది. గిరికీల పురుగులకు రెక్కలున్నాయి, ఎగురుతాయి. కానీ నీటి మీద నుంచి నేరుగా లేవలేవు, ఏ కాడనో రాయినో ఎక్కి ఆరి అప్పుడు ఎగరాలి. న్యూయార్క్ రాష్ట్రంలో చెరువుల్లో ఉండే డైన్యూటస్ అసిమిలిస్ మీద బీటే న్యూర్న్‌బెర్గర్ 1990లలో గుర్తులు పెట్టి, జన్యువులు చూసి చేసిన పని ఇందులో ముఖ్యమైనది. ఒక చెరువులో పురుగులు మాయమవడం, ఇంకో చోటునుంచి వచ్చి మళ్లీ నింపడం అక్కడ మామూలు వ్యవహారం. ఎండిపోయే చెరువులో బతికే జాతికి ఎగిరే అలవాటు ప్రాణావసరం. ఏడాది పొడవునా పారే నదిలో ఉన్న జాతికి అంత తొందర ఉండదు. కనుక నదిలోని ఒక ముక్కలో నూగు పురుగు పోతే, అది తిరిగి నిండటానికి చెరువు పురుగుల వేగం ఆశించకూడదనుకుంటాను.

పోయే అవకాశాలు మాత్రం చాలా ఉన్నాయి. మురుగు కంటే నన్ను ఎక్కువ భయపెట్టేది గట్టు బాగుచేయడం. గుల్లబారిన ఒడ్డును చూసి ఇంజనీరు కోత అంటాడు, రాళ్లు పేర్చి సిమెంటు పూస్తాడు, అడ్డొచ్చిన చెట్టువేళ్లు నరికిస్తాడు. నీటి పరీక్షల్లో ఏ లోపమూ కనబడదు, ఆక్సిజన్ ఉంది, అడుగున పిల్లకు తిండి ఉంది. పెద్ద పురుగుకు పగలు తలదాచుకునే చోటు, ప్యూపాకు మెత్తని ఒడ్డు రెండూ ఒకే పనితో పోతాయి. రెండో ప్రమాదం సబ్బు నీరు, నూనె. నీటిపొర బిగువు సడలితే దాని మీద తేలే పురుగుకు ఆధారం ఉండదు. రాత్రిపూట ఒడ్డున వెలిగే దీపాల ప్రభావం కూడా పరిశోధించదగ్గదే, చీకటిని నమ్ముకున్న జాతి కదా.

మన దేశం విషయానికొస్తే, గిరికీల పురుగులకు ఆధారగ్రంథం జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా ప్రచురించిన టి. జి. వజిరానీ సంపుటం, 1984 నాటిది. అంతకుముందు ఫ్రాన్స్‌లో రెజింబార్ట్, జర్మనీలో గెయార్గ్ ఓక్స్ మన పురుగుల్ని దూరం నుంచి, మ్యూజియం పెట్టెల ద్వారా వర్ణించారు. ఆ పెట్టెల్లోని పాత చీటీల మీద చాలాసార్లు ఒక కొండ పేరో, ఒక రాజధాని పేరో మాత్రమే ఉంటుంది. ఏ వాగు, ఏ ఎత్తు, ఏ వేళ అన్నది ఉండదు. బ్రిటన్ పటానికి దాదాపు రెండు శతాబ్దాల ఔత్సాహికుల నడక ఉంది, మనకు అదీ లేదు. చెరువుల్లో పట్టపగలు తిరిగే డైన్యూటస్ ఇండికస్ లాంటి పెద్ద పురుగులు ఎలాగూ కంటపడతాయి. తెలియాల్సింది నూగు తెగ గురించి, అంటే పాత్రస్, ఒరెక్టోకైలస్‌ల గురించి. వీటి జాతుల జాబితాల్లో పడమటి కనుమలు, హిమాలయాలు మాటిమాటికీ కనిపిస్తాయి. తూర్పు కనుమలు కనిపించకపోతే దానికి కారణం పురుగులు లేకపోవడమా, చూసేవాళ్లు లేకపోవడమా అన్నది నూగు పురుగు నేర్పిన పద్ధతిలోనే తేల్చవచ్చు. అరకు చుట్టూ, మారేడుమిల్లి అడవిలో, నల్లమలలో వేసవిలోనూ ఎండని వాగులున్నాయి. గట్టు గుల్లబారిన మలుపుల దగ్గర అడుగురాళ్లు కదిపి పిల్లల కోసం పగలే వల వేయవచ్చు. పెద్ద పురుగుకు మాత్రం చీకటి పడ్డాక టార్చి పట్టుకుని వెళ్లాలి. వెళ్లేవాళ్లు అటవీశాఖ అనుమతి ముందే తీసుకోవాలి, పామును చూసుకుని అడుగేయాలి. దొరికిన మగపురుగుల్లో కొన్నిటిని ఆల్కహాలులో భద్రపరచాలి, ఎందుకంటే పాత్రస్ జాతుల్ని పైనుంచి చూసి తేల్చడం నిపుణులకు కూడా కష్టం. వెళ్లి ఏమీ దొరకని రాత్రిని కూడా వాగు పేరు, గంట, చంద్రుడి వెలుగుతో సహా రాసిపెట్టాలి. లేదని తేలిన చోటుకు కూడా పటంలో ఒక గుర్తు కావాలి, ఇప్పటివరకు మన పటాల్లో ఆ గుర్తే లేదు.